పెంచలకోనలో పుట్టగొడుగులు, ఆర్కిడ్ల వెంట ఒక నడక

నెల్లూరు జిల్లాలో పుట్టగొడుగుల ఫొటోలు తీయాలంటే కార్తీక మాసాన్ని మించింది లేదు. జూన్‌లో మొదలయ్యే నైరుతి వానలు మనకు అంతంతమాత్రమే. మన చెరువులు నిండేదీ, మన కొండలు పచ్చబడేదీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలతోనే. వాయుగుండం ఏదైనా వచ్చి కొన్నాళ్ళు ముసురు పట్టి, ఆ తరవాత ఒకపూట తెరిపి ఇచ్చిందంటే చాలు, వెలిగొండల అడుగున ఎండుటాకుల కింద నుంచి గొడుగులు లేస్తాయి. లేచినవి నిలిచేది కూడా కొద్ది సేపే. కొన్ని మధ్యాహ్నానికే వాలిపోతాయి. అందుకని వాన ఎప్పుడు ఆగుతుందా అని అందరం ఫోన్లలో వాతావరణం చూసుకుంటూ కూర్చున్నాం.

మా గుంపు పెద్దదేం కాదు. రిటైరైన బోటనీ లెక్చరర్ ఒకాయన (మా అందరికీ ఆయన సార్), ఆయన దగ్గర డిగ్రీ చదువుకున్న ఇద్దరు అమ్మాయిలు, పక్షుల ఫొటోలు తీసే ఒక డాక్టరు గారు, బ్యాంకులో పనిచేసే ఒక అక్క, ఎనిమిదో తరగతి కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఒక అన్న, నేను. వెళ్ళింది నరసింహస్వామి గుడి ఉన్న పెంచలకోన. అక్కడి అడవి 1997లో ప్రకటించిన శ్రీ పెనుశిల నరసింహస్వామి అభయారణ్యంలోది. పైగా ఎర్రచందనం పెరిగే అడవి. ఈ చెట్టు ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దొంగ నరికివేత భయంతో గట్టి కాపలా ఉంటుంది. కాబట్టి చేతిలో కెమెరానే ఉన్నా, గుడి దాటి అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. పేర్లు, ఆధార్ నకళ్ళు, బండి నంబర్లు, ఏ దారిన వెళ్తాం, ఎన్నింటికి తిరిగొస్తాం, అన్నీ రాసి ముందే ఇచ్చాం. మాతో ఒక వాచర్‌ను పంపారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి నడక పెట్టుకోవాలని చాలామందికి ఉంటుంది, ఈ కాగితాల పని దగ్గరే ఆగిపోతారు. నిజానికి అంత కష్టమేమీ కాదు. ఏం చేయడానికి వస్తున్నామో సూటిగా రాస్తే వాళ్ళకూ సంతోషమే.

నెల్లూరులో చీకటితోనే బయల్దేరి పొదలకూరు, రాపూరు, గోనుపల్లి మీదుగా వెళ్ళాం. గోనుపల్లి దగ్గర మాతో ఇంకొకరు కలిశారు. యానాది కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ. వాచర్‌కు బాగా తెలిసిన మనిషి. అందరం అక్కా అనే పిలిచాం. ఆ రోజు మేం చూసినవాటిలో సగం ఆమె కళ్ళతో చూసినవే.

అడవిలోకి అడుగు పెట్టేముందు సార్ కొన్ని మాటలు చెప్పారు. దేన్నీ పీకకూడదు. ఫొటో బాగా రావాలని చుట్టూ ఉన్న ఆకులన్నీ ఊడ్చేయకూడదు, అడ్డంగా ఉన్న ఒక పుల్లను పక్కకు జరిపితే ఫొటో తీశాక మళ్ళీ అక్కడే పెట్టాలి. ఒకరు ఫొటో తీస్తున్నప్పుడు మిగతావాళ్ళు చుట్టూ మూగకూడదు, ఎందుకంటే మనం చూస్తున్న ఒక్క గొడుగు పక్కనే ఇంకా నేల దాటని పది ఉంటాయి, మన బూట్ల కింద పోతాయి. మోకాళ్ళ మీద కూర్చునే ముందు కర్రతో ఆకులు తట్టి చూసుకోవాలి, పాములుంటాయి. ఈ చివరి మాట విన్నాక పిల్లాడు వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకున్నాడు గానీ, కాసేపటికే అందరికంటే ముందు నడిచేది వాడే.

మొదట ఆగింది దారి పక్కన పడి ఉన్న ఒక మోడు దగ్గర. దాని మీద బూడిద కలిసిన తెలుపు రంగులో, నూగు నూగుగా చిన్న చిన్న రెక్కలు. ఎప్పుడూ చూసేవే, పాత కట్టెల మీద మన పెరట్లోనూ వస్తాయి. పేరు షైజోఫిల్లమ్ కమ్యూన్. సార్ పౌడర్ డబ్బాలోని చిన్న అద్దం తీసి దాని కిందికి పెట్టారు. అద్దంలో అడుగు భాగం కనిపించింది. లేత గులాబీ పొరలు, ప్రతి పొరా అంచున నిలువుగా రెండుగా చీలి ఉంది. ఎండ కాస్తే ఆ చీలికలు లోపలికి ముడుచుకుపోతాయి, ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉంటాయి, వాన తడి తగలగానే విప్పుకుని మళ్ళీ సిద్ధబీజాలు (గింజల పని చేసే సన్నని పొడి) వదలడం మొదలుపెడతాయి. దీనిలో జత కుదిరే రకాలు ఆడ, మగ అని రెండే కాదట, 20 వేలకు పైగా ఉంటాయట. డిగ్రీ అమ్మాయిల్లో ఒకరు ఆ మాట నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది.

ఆ అద్దం చిట్కా నాకు ఎంతో నచ్చింది. పుట్టగొడుగును గుర్తించాలంటే పై భాగం ఒక్కటి ఫొటో తీస్తే చాలదు. అడుగున పొరలున్నాయా, సన్నని రంధ్రాలున్నాయా, కాడకు ఉంగరం ఉందా, మొదట్లో సంచి లాంటిది ఉందా, దేని మీద మొలిచింది, మట్టి మీదా, కట్టె మీదా, పేడ మీదా, ఇవన్నీ కావాలి. అద్దం ఉంటే పీకకుండానే అడుగు భాగం దొరుకుతుంది.

డాక్టరు గారి దగ్గర చిన్నవాటిని దగ్గర నుంచి తీసే 100 ఎంఎం మాక్రో లెన్సు ఉంది. నాది మామూలు ఫోన్. ఫోన్‌ను తలకిందులుగా తిప్పి పట్టుకుంటే కెమెరా నేలకు అంగుళం ఎత్తులోకి వస్తుంది, అప్పుడు గొడుగును కింద నుంచి చూసే కోణం వస్తుంది. ఫొటో అందం సగం ఆ కోణంలోనే ఉంది. ఇక మిగిలిన సగం వెలుతురు. మబ్బు పట్టిన అడవిలో వెలుతురు మెత్తగా, నీడల్లేకుండా ఉంటుంది, కానీ తక్కువ. ఫ్లాష్ వేస్తే తెల్ల గొడుగు మీద వివరాలన్నీ పోయి సున్నం కొట్టినట్టు వస్తుంది. ఒక తెల్ల కాగితాన్ని పక్కన పట్టుకుంటే చాలు, అడుగు భాగం వెలుగుతుంది. ఫోన్‌ను రాయికి ఆనించి రెండు సెకన్ల టైమర్ పెడితే చెయ్యి వణుకు ఉండదు. గాలి వచ్చినప్పుడు బ్యాంకు అక్క తన వాన గొడుగు అడ్డం పట్టేది. కదలని వస్తువుకు ఇంత సమయం ఎందుకని బయటివాళ్ళకు అనిపించవచ్చు. ఒక్కో దాని దగ్గర అరగంట కూడా ఉన్నాం, ఎవరికీ విసుగు రాలేదు.

వాగు దాటి కొంచెం పైకెక్కాక గోనుపల్లి అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ తొక్కబాకండి సార్, లేస్తా ఉండాయి."

మాకేమీ కనిపించలేదు. మట్టి మీద సన్నటి పగుళ్ళు, అంతే. ఆమె వేలితో చూపించాక తెలిసింది. ప్రతి పగులులోనూ గోధుమ రంగు మొన ఒకటి మట్టిని పైకి తోస్తూ ఉంది. పక్కనే పాత చెదల పుట్ట. ఇంకో నాలుగడుగుల అవతల రాత్రే విచ్చుకున్నవి గుంపుగా ఉన్నాయి, అరచేయంత వెడల్పు, మధ్యలో మొన తేలి ఉంది. టెర్మిటోమైసిస్ అనే జాతి. వాటి కాడ నేల మీద ఆగదు, లోతుకు దిగి చెదల గూడు దాకా పోతుంది. చెదపురుగులు ఎండు ఆకూ పుల్లా తిని, తమ పెంటతో గూట్లో ఒక మెత్తటి తోట కడతాయి. ఆ తోట మీద ఈ శిలీంధ్రం (పుట్టగొడుగు దాని పైకి కనిపించే భాగమే) పెరిగి, పురుగులు నేరుగా అరిగించుకోలేని కట్టె పదార్థాన్ని విరగ్గొట్టి పెడుతుంది. పురుగులు దాన్ని తింటాయి. ఈ పొత్తు ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ళ కిందట మొదలైందని శాస్త్రవేత్తల అంచనా. మనిషి వ్యవసాయం మొదలుపెట్టి పది పన్నెండు వేల ఏళ్ళు అయి ఉంటుంది. అంతకు ముందు నుంచే మన కాళ్ళ కింద సేద్యం జరుగుతూ ఉంది.

"ఇవి తినొచ్చా అక్కా?" అని అన్న అడిగారు.

"ఇవి మేం తినేయేలే అన్నా. అయితే తెలిసినోళ్ళే కోయాల. మొలక అప్పుడు ఇంకోటి గూడా ఇట్టనే ఉంటాది."

ఆ మాట మీద డాక్టరు గారు ఆగి అందరికీ చెప్పారు. గడ్డిలో తెల్లగా, పెద్దగా, ముచ్చటగా లేచే ఒక రకం ఉంది, క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. లేతగా ఉన్నప్పుడు అడుగు పొరలు తెల్లగానే ఉంటాయి, ముదిరాక ఆకుపచ్చకు తిరుగుతాయి. తింటే గంట నుంచి మూడు గంటల్లోపే వాంతులు, విరేచనాలు. అంతకన్నా ప్రమాదమైనవి ఇంకో జాతిలో ఉన్నాయి. వాటిని తిన్నాక ఆరు గంటలు దాటేదాకా ఏమీ తెలియదు. వాంతులు మొదలై, మధ్యలో తగ్గినట్టే ఉండి, తరవాత కాలేయం పాడవుతుంది. ఉడికించినా ఆ విషం పోదు. వెండి చెంచా వేస్తే నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని చెప్పేవి ఏవీ నమ్మకూడదు. పిల్లాడు ఇదంతా నోరు తెరుచుకుని విన్నాడు. ఈ ఒక్క సంగతి వాడు స్కూల్లో నలుగురికి చెప్పినా మా నడక వల్ల మేలు జరిగినట్టే అని నా అభిప్రాయం.

వెదురు పొదల దగ్గర ముందు వాసన తగిలింది, కుళ్ళిన మాంసం వాసన. ఏ జంతువో చచ్చిందనుకున్నాం. చూస్తే తెల్లటి కాడ చుట్టూ నేల దాకా దిగిన జల్లెడ పావడాతో ఫాలస్ ఇండూసియాటస్ అనే పుట్టగొడుగు. తల మీద ముదురు ఆకుపచ్చ జిగురు, దాని మీద ఈగలు. ఈగల కాళ్ళకు అంటుకునే సిద్ధబీజాలు ఊళ్ళు తిరుగుతాయి. నేను చాలా ఏళ్ళుగా పుస్తకాల్లో చూసి, మన జిల్లాలో కళ్ళారా చూస్తానా అనుకున్నది ఇదే. తెల్లవారేటప్పుడు విచ్చుకునే ఈ పావడా పొద్దెక్కేకొద్దీ మెత్తబడి కుంగిపోతుంది. మేం వెళ్ళేసరికి ఒక వైపు అప్పటికే వాలిపోయి ఉంది. అయినా నాకు కన్నీళ్ళు వచ్చినంత పనైంది. ఎవరైనా వెళ్తే వెదురు ఉన్న చోటికి అన్నిటికంటే ముందు వెళ్ళమని చెప్తాను. మోడు మీద ఉండే గట్టి రకాలు సాయంత్రం దాకా ఎక్కడికీ పోవు.

మధ్యాహ్నం వాగు ఒడ్డున పులిహోర తిన్నాం. ఆ తరవాత ఆర్కిడ్ల వంతు.

ఆర్కిడ్లంటే బెంగళూరు పూల అంగళ్ళలో అమ్మేవి, ఊటీలోనో ఈశాన్య రాష్ట్రాల్లోనో పెరిగేవి అని మనవాళ్ళలో ఒక భావన ఉంది. మన ఎండలకు అవి ఎక్కడ బతుకుతాయి అంటారు. బతుకుతాయి. ముందుగా కనిపించింది నేల ఆర్కిడ్. పిల్లాడే చూశాడు. బండ పక్కన మట్టికి అతుక్కుని వెడల్పాటి ఆకులు రెండు మూడు, మధ్యలోంచి జానెడు కాడ, దాని మీద తెల్లటి పూలు. హాబెనేరియా ప్లాంటాజీనియా అని సార్ చెప్పారు. పువ్వు కింది రేకు మూడు భాగాలుగా చీలి, పక్క రెండూ విసనకర్రలా విప్పుకుని ఉంటాయి. వెనక నుంచి పచ్చటి సన్న గొట్టం ఒకటి వేలాడుతుంది. తేనె ఆ గొట్టం అడుగున ఉంటుంది, పొడుగు నాలుక ఉన్న పురుగుకే అందుతుంది. ఎండాకాలం ఈ మొక్క పైన ఏమీ మిగలదు, గడ్డ మాత్రం నేలలో దాక్కుని మళ్ళీ వాన కోసం చూస్తుంది. మేలో అదే చోట నిలబడితే అక్కడ ఒక మొక్క ఉందని ఎవరూ అనుకోరు.

ఆ తరవాత చెట్ల మీద ఉండేవి. ఒక ముసలి నేరేడు కొమ్మల్లో రెండు రకాలు కలిసే ఉన్నాయి. ఒకటి వాండా టెస్సెల్లేటా. ఇది పూసేది ఎండాకాలం చివర నుంచి వానలు మొదలయ్యే దాకా. ఇప్పుడు కాయలు ఉన్నాయి. రెండోది ఆకంపే ప్రేమోర్సా. దళసరి ఆకుల మధ్య చిన్న చిన్న పసుపు పూల గుత్తి, రేకుల మీద ఇటుక రంగు అడ్డ గీతలు. ఈ రెంటినీ శాస్త్రలోకానికి పరిచయం చేసింది విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరం మొక్కలను బొమ్మలతో సహా నమోదు చేసినాయన. 1795లో ఈ రెంటికీ పేర్లు పెట్టి అచ్చు వేయించారు. అంటే మన ఆర్కిడ్ల గురించి ప్రపంచానికి తెలిసి 230 ఏళ్ళయింది, మన ఊళ్ళకే ఇంకా తెలియలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఊళ్ళో చాలామంది వీటిని కూడా బదనిక అనేస్తారు. అసలు బదనిక చెట్టులోకి వేళ్ళు దింపి దాని రసం తాగుతుంది. ఆర్కిడ్ చెట్టును నిలబడటానికి మాత్రమే వాడుకుంటుంది. వాండా వేళ్ళు గాలిలో వేలాడుతూ తెల్లగా కనిపించాయి. సార్ సీసాలోని నీళ్ళు కొంచెం చల్లగానే అక్కడికక్కడ పచ్చగా మారాయి. వేరు చుట్టూ మెత్తటి పొర ఉంటుంది, అది నీటిని పీల్చుకోగానే లోపలి పచ్చదనం బయటికి కనబడుతుంది. చెట్టుకు నష్టం చేస్తుందని దీన్ని నరికేసేవాళ్ళకు ఈ ఒక్కటి చూపిస్తే చాలు అనిపించింది.

చెట్టు మీది పూలను కింద నుంచి తీస్తే వెనక ఆకాశం తెల్లగా ఉండి పువ్వు నల్లగా వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచితే రంగులు తిరిగొస్తాయి. డాక్టరు గారి పక్షుల లెన్సు ఇక్కడ బాగా పనికొచ్చింది. ఆయన తీసిన ఆకంపే ఫొటోలో గీతలు లెక్కపెట్టొచ్చు.

ఒకే నడకలో పుట్టగొడుగులూ ఆర్కిడ్లూ ఎందుకు పెట్టారో సార్ అప్పుడు చెప్పారు. వాండా కాయ ఒకటి ఎండి పగిలి ఉంది. అందులో గింజలు లెక్కలేనన్ని, దుమ్ము కంటే సన్నం. ఆ గింజలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. చెట్టు బెరడు మీదనో, నేలలోనో సరైన శిలీంధ్రం దాన్ని అందుకుని లోపలికి పోగులు పంపి పోషిస్తేనే మొలుస్తుంది. 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ అనే ఆయన అడవిలో మొలకెత్తిన ఆర్కిడ్ గింజలను పరిశీలించి ఈ సంగతి కనిపెట్టారు. అప్పటిదాకా ఆర్కిడ్ గింజలు ఎందుకు మొలవవో తోటమాలులకు అంతుపట్టలేదు. పొద్దుటి నుంచి మేం అద్దాలు పెట్టి చూసిన శిలీంధ్రాల కులం తోడు లేనిదే, మధ్యాహ్నం తలెత్తి చూసిన ఆర్కిడ్లకు బతుకు మొదలవదని అప్పుడు అర్థమైంది. కొండ మీద నుంచి ఒక ఆర్కిడ్‌ను పీక్కొచ్చి డాబా మీద కుండీలో పెడితే అది కొన్నాళ్ళు పూయవచ్చు. దాని గింజ మాత్రం ఆ డాబా మీద మొలవదు. ఆ కొమ్మ మీద ఒక చోటు ఖాళీ అవుతుంది, అంతే.

పీక్కుపోయేవాళ్ళు ఉన్నారు. వాండాను కొన్ని ప్రాంతాల్లో రాస్నా అని వైద్యానికి వాడతారు. అందం కోసం అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం, అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉంది, అభయారణ్యం నుంచి ఆకు కూడా తేకూడదు. తిరిగి వస్తుంటే ఒక నేరేడు కింద గాలివానకు విరిగిన కొమ్మ కనిపించింది, దాని మీద బతికున్న ఆకంపే. బ్యాంకు అక్క దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇక్కడే వదిలేస్తే చచ్చిపోద్ది గదా సార్, ఇంటికి తీసకపోనా?" అంది. ఆమె అడిగింది ప్రేమతోనే. సార్ వాచర్ వైపు చూశారు. వాచర్ ఒప్పుకున్నాక, ఆ కొమ్మ ముక్కను అదే చెట్టు పక్క కొమ్మకు, వేళ్ళు బెరడుకు ఆనేలా, గోనుపల్లి అక్క తెచ్చిన నారతో కట్టారు. ప్లాస్టిక్ తాడు వద్దన్నారు, నార అయితే వేళ్ళు పట్టుకునేలోపు కుళ్ళి రాలిపోతుంది. కట్టేటప్పుడు ఎండ నేరుగా తగలని వైపు చూసుకున్నారు. డిగ్రీ అమ్మాయిలు ఆ చోటు గుర్తుపెట్టుకోవడానికి ఫొటో తీశారు, చెట్టు మీద మాత్రం ఏ గుర్తూ పెట్టలేదు.

ఇంటికొచ్చాక పని ఇంకా ఉంటుంది, చాలామంది వదిలేసేది ఇక్కడే. ఫొటోలన్నీ ఒక చోట చేర్చి, ఒక్కో దానికి ఎక్కడ, దేని మీద, ఎంత ఎత్తు, ఏ వాసన అని రాశాం. తెలిసినవాటికి పేర్లు, తెలియనివాటికి జాతి వరకే. చూసిన మొక్కలు, జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు ఆర్కిడ్ల చోటును కచ్చితంగా చూపించకుండా ‘అబ్‌స్క్యూర్డ్’ అని ఎంచుకోవాలి. అప్పుడు అసలు చోటు బదులు, చుట్టూ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న గడిలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది. ఫోన్ ఫొటోల్లో దాక్కుని ఉండే లొకేషన్ వివరాలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఫొటోతో పాటే అవతలివాళ్ళకు చేరతాయి, వాటినీ ముందే తీసేయాలి. పుట్టగొడుగులకు ఇంత దాపరికం అక్కర్లేదు.

జాబితా ఒక నకలు అటవీ కార్యాలయంలో ఇచ్చాం. గోనుపల్లి అక్కకు ఫొటోల ప్రింట్లు పంపాం. వాళ్ళ మనవరాలు టెర్మిటోమైసిస్ ఫొటో ఇంట్లో గోడకు అతికించిందని వాచర్ చెప్పారు.

వాండా పూతకు మళ్ళీ వెళ్తున్నాం. అప్పుడు ఎండ ఎక్కువ, నీళ్ళు ఒక్కొక్కరు మూడు లీటర్లు తెచ్చుకోవాలి, పొద్దున తొమ్మిదికల్లా కొండ దిగాలి. కట్టిన ఆకంపే వేళ్ళు పట్టుకుందో లేదో కూడా అప్పుడే చూడాలి. రాదలచినవాళ్ళు ఒక చిన్న అద్దం, తెల్ల కాగితం, చేతికర్ర తెచ్చుకుంటే చాలు. కెమెరా లేకపోయినా ఫర్వాలేదు.